సైగకి ఎన్ని ఎంబీలు

దర్గా సర్కిల్ దగ్గర సెల్ షాపులో
ఢిల్లీబాబు బిల్లు వెనక రాసి చూపించినాడు:
"ఈ ప్లాన్‌లో మాటలు ఫ్రీ అక్కా,
ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు."
రాసినాక తనే చదువుకుని
నాలిక కరుచుకున్నాడు.

నాకూ గజేంద్రకీ పుట్టినప్పటి నుంచీ వినపడదు.
మాకు మాటలు ఫ్రీ అంటే
బోడిగుండుకి దువ్వెన ఫ్రీ.

మస్కట్‌లో కేకుల మీద క్రీము పూలు చుట్టే పని నాది.
వచ్చే నెల పదకొండున పోవాల.
వీసా వచ్చింది, చక్రాల సూట్‌కేసు వచ్చింది,
రానిదల్లా ఒక లెక్క:
రోజుకి ఎంత మాట్లాడుకుంటాం మేము?

ఢిల్లీబాబు మూడేళ్ళు అక్కడ ఉండి వచ్చినోడు.
గీతలు గీసి వరసగా రాసినాడు.
పన్నెండు రియాళ్ళకి అరవై జీబీ,
అయిపోతే నెట్ ఆగదు, నత్త అవుతుంది.
ఇరవై ఆరుకి హద్దే లేదని పెద్దక్షరాలు,
"న్యాయమైన వాడకం వరకే" అని
అడుగున చీమలబారు.
న్యాయమంటే ఎన్ని జీబీలని నేను రాస్తే
కోర్టు వైపు చెయ్యి చూపించి నవ్వినాడు.
హాస్టల్ వైఫై అయితే ఉచితమే,
పద్నాలుగు మంది ఆడోళ్ళకి ఒకటే పెట్టె,
రాత్రి పదయితే దానికి ఊపిరాడదు.

వారం పాటు ఇంట్లోనే పరదేశం కట్టినాం.
నేను వంటింట్లో, ఆయప్ప మిద్దె మీద,
నడుమ పన్నెండు మెట్లు, రెండు ఫోన్లు.

బొమ్మ నున్నగా ఉంటే గంటకి ఒక జీబీ తింటుంది.
తగ్గిస్తే పావు చాలు,
కానీ వేళ్ళు అట్లకాడలయిపోతాయి.
నిన్నకీ రేపటికీ మా ఇంటి సైగ ఒకటే,
చెయ్యి వెనక్కి పోతే నిన్న, ముందుకొస్తే రేపు.
నెట్ తడబడిందా,
"రేపు జీతం" కాస్తా "నిన్న జీతం" అయి
"ఏం చేసినావ్ దాన్ని?" అని రచ్చ.

రచ్చకి డేటా ఎక్కువ కావాలని
అప్పుడే తెలిసింది.
కోపంలో మా చేతులు
గంప కింద కోళ్ళ రెక్కలు.
అందుకని క్యాలెండరు వెనక రాసి పెట్టుకున్నాం:
పోట్లాటలు ఒకటో తేదీ నుంచి ఏడు దాకా,
వేగం నిండుగా ఉన్నప్పుడే.
నెలాఖరులో కోపమొస్తే
మూతకట్టి పెట్టాల, ఊరగాయ మాదిరి.

వదిన అముద, చెవులు వినపడే మనిషి, అడిగింది,
"మెసేజీలు పెట్టుకుంటే పోదా, పైసా ఖర్చుండదు?"
అక్షరాలు మాకు స్కూల్లో నేర్పిన భాష.
అందులో అర్జీ రాస్తాం, అప్పు అడుగుతాం.
కల చెప్పాలంటే చేతులే కావాల.
పల్ప్ ఫ్యాక్టరీ నుంచి వచ్చి
గోళ్ళలో తోతాపురి పసుపుతో
మిషన్ ఎట్ల దగ్గి దగ్గి ఆగిపోయిందో
వొళ్ళంతా ఊపి చూపిస్తాడే ఆయప్ప,
దాన్ని ఏ అక్షరంలో పెట్టేది?

కదలని బొమ్మకి డేటా తక్కువంట.
ఈ కిటుకు చెప్పినప్పుడు ఢిల్లీబాబు
పెద్ద మేలు చేసినాననుకున్నాడు.
చేతులు కదలకుంటే
మాకది నోరు మూయడం గదరా అబ్బీ.

కానీ నిన్న రాత్రి, ఏడో రోజు,
మిద్దె మీద బల్బు కింద ఆయప్ప
నా పేరు పిలిచినాడు,
ఎడమ కనుబొమ్మ మీది మచ్చ చోట రెండు వేళ్ళు పెట్టి.
అంతే. ఇంకేం చెప్పలేదు.
నేను పొయ్యి ఆపి చూస్తా కూచున్నా.
బొమ్మ బిగుసుకుపోయిందేమో అనుకున్నా.
వెనక దండెం మీద లుంగీ కదిలింది.

తర్వాత మీటరు చూస్తే
నలభై నిమిషాలకి తొంభై ఎంబీలు.

పొద్దున పోయి
పన్నెండు రియాళ్ళది చాలని రాసిచ్చినా.
"ఖాయమా?" అని బొటనవేలెత్తి అడిగినాడు ఢిల్లీబాబు.
లుంగీ సంగతి
వాడికి ఎట్ల చెప్పేది?